కార్తీకంలో మామిడికాయలు

"ఏం లోడు మామా?"

"మామిడికాయలే మే. నీకొకటి దాసిపెట్టుకోని తెచ్చేదా?"

"తే, సూస్తాం. కార్తీకంలో యాడ కాసినాయో ఆ చెట్టు కూడా సూపిద్దువు."

మేమిద్దరం ఆఖరున మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆయన నవ్వుకుంటూ చెప్పులేసుకుని వెళ్ళాడు. నేను ఆయన తిన్న పళ్ళెం తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్ళాను. ముందే తెలిసి ఉంటే ఇంకేదైనా మంచి మాట అనుండేవాళ్ళేమో అని చుట్టాలు అంటుంటారు. ఏమీ అనుండం. ఆయన మళ్ళీ మామిడికాయలే అనేవాడు, నేను మళ్ళీ వెక్కిరించేదాన్ని. ఆ మాటకు మా ఇంట్లో ఎంత కథ ఉందో వాళ్ళకు తెలియదు. అది చెప్పడానికే కూర్చున్నాను.

నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంతవరకే. రాస్తున్నది నా తమ్ముడి కూతురు. "అత్తా, నువ్వు సెప్పింది సెప్పినట్టే రాస్తా, మధ్యలో తిట్లు మాత్రం తీసేస్తా" అంది. తీసేయనీ, తిట్లు లేకపోయినా కథ పోదు.

ఆయన నాకు మేనమామ. మా అమ్మకు తమ్ముడు. మా వైపు మేనమామకు ఇవ్వడం మామూలే కాబట్టి, పెళ్ళికి ముందూ మామే, పెళ్ళయినాకా మామే. పిలుపు మార్చుకునే కష్టం నాకు లేకపోయింది. మాది ఐరాల. ఆయన మామిడికాయల లారీ తోలేవాడు. చుట్టుపక్కల తోటల్లో కాయ ఎక్కించుకుని చిత్తూరు మండీలకూ, గుజ్జు తీసే ఫ్యాక్టరీలకూ వేసేవాడు. ఆ దారుల గుంతలు తెలిసినవాళ్ళకే తెలుసు. మిగతావాళ్ళ లారీల్లో అడుగు వరస కాయ నలిగి రసం కారేది. ఆయన దించిన లోడులో అడుగు కాయ కూడా చెట్టుమీదున్నట్టే ఉండేదని మండీవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఎలా తోలుతావు మామా అని అడిగితే, "కాయలు ఎనకాల మాట్లాడతా ఉంటాయి మే. వాటి మాట ఇంటా పోవల్ల, అంతే" అనేవాడు.

కాయల మాట వింటూ పోయేవాడు సరే, ఇంటికొస్తే ఆయన మాట ఆగేది కాదు. మాకు పిల్లలు లేరు. నేను సంగటి కెలుకుతుంటే పీట వేసుకుని కూర్చుని, ఏ తోటలో గాలికి కాయ రాలిందో, మండీలో ఎవరెవరు జుట్లు పట్టుకున్నారో, మొగిలి ఘాట్‌లో ఎవరి బండి ఆగిపోయిందో అన్నీ చెప్పేవాడు. చదువుకున్నవాళ్ళకు పేపరు ఉంటుంది. నాకు ఆయన నోరే పేపరు.

ఇలా ఉండగా రేణిగుంట వైపు ఒక కంపెనీ వచ్చింది. ప్రైవేటు కంపెనీ. పెద్ద షెడ్డు వేసి, ఆకాశంలోకి పంపే ఉపగ్రహాలకు పలకలు చేసేవాళ్ళు. పలుచటి రేకుల మధ్య తేనెపట్టులాగా గళ్ళు గళ్ళుగా ఉంటుందట ఆ పలక. చేత్తో ఎత్తితే అప్పడమంత బరువు కూడా ఉండదట. దాన్ని చెక్కపెట్టెలో పెట్టి బెంగుళూరుకో, సముద్రం పక్కన రాకెట్లు వదిలే దీవికో చేర్చాలి. కుదుపు తగిలితే చెడిపోతుంది. ఆ కంపెనీ మేనేజరు చిత్తూరు మామిడి మండీలో పుట్టి పెరిగినవాడు. "బేనిషా కాయ దించినట్టు దించేవాడు నాకు కావల్ల" అని వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చాడు. ఐరాలలో ఇంటికి తాళం వేసి తిరుపతికి వచ్చేశాం. రేణిగుంట రోడ్డులో ఒక వరస ఇళ్ళల్లో మాది చివరి వాటా.

మొదటి సంవత్సరాలు భలే బాగుండేవి. కాయల కబుర్లు పోయి ఆకాశం కబుర్లు వచ్చాయి. "ఇయ్యాల టీవీదాని రెక్క మోసినా మే. మనం సూసే సీరియల్ దాన్నించే దిగొస్తాదంట." ఇంకోసారి, "ఇది మబ్బుల్ని సూసేదంట. వాన ఎప్పుడొస్తాదో ముందే సెప్తాదంట." నేను ఆ మాట పట్టుకుని కొళాయి దగ్గరికి పోయి, ఈ వారం వాన లేదు, వడియాలు పెట్టుకోండి అని అందరికీ చాటేదాన్ని. ఒకసారి అట్లాగే చాటాను. మధ్యాహ్నానికి కుండపోత. పక్కింటావిడ తడిసిన వడియాల గుడ్డ పిండుతూ, "ఏమ్మా, మీ ఆయన మోసింది యాడో గుంతలో పడినట్టుండాదే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వానకు తడిసినా నా పెద్దరికం తగ్గలేదు. ఆకాశంలో తిరిగేదాన్ని మోసినవాడి పెళ్ళాన్ని మరి!

తర్వాత ఒకరోజు పళ్ళెం పెట్టి, మామూలుగానే అడిగాను.

"ఏం లోడు మామా?"

"మామిడికాయలే."

ఎగతాళి అనుకున్నాను. మళ్ళీ పోయి వచ్చాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ మామిడికాయలే. చెట్లన్నీ పూతకు కూడా రాని కాలం అది. దారి కబుర్లు లేవు, ఎక్కడ ఆగాడో లేదు, ఎవరు కలిశారో లేదు. తింటాడు, నా ముఖం చూసి నవ్వుతాడు, పడుకుంటాడు.

జరిగింది ఏమిటో నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. చదివేవాళ్ళు తికమక పడకుండా ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ కంపెనీకి మిలిట్రీ పని వచ్చింది. మిలిట్రీకి కూడా పైన ఉపగ్రహాలు కావాలట. వాటికి పలకలు చేసిచ్చే కంట్రాక్టు ఈ కంపెనీకి ఇచ్చారు. టీవీదైనా మబ్బులదైనా ఊరంతా చెప్పుకోవచ్చు. మిలిట్రీది అయ్యేసరికి గోడ ఎత్తు పెంచారు, గేటు దగ్గర తుపాకీ పెట్టారు, పనివాళ్ళందరి చేత నోరు విప్పబోమని ఒట్టు పెట్టించి సంతకాలు తీసుకున్నారు. ఏం పని, ఎవరి పని, ఎక్కడికి పని అన్నది ఇంట్లో కూడా చెప్పకూడదు. ఇదంతా అప్పుడు నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, నా పేపరు రావడం ఆగిపోయింది.

తిరుపతిలో ఒక డ్రైవరు తన లోడు ఏమిటో చెప్పలేదంటే జనం అనుకునేది ఒకటే. పైన శేషాచలం అడవి, ఆ అడవిలో ఎర్రచందనం. పట్ట కట్టిన లారీ వేళకాని వేళ పోతుంది, ముందర జీపు పోతుంది, డ్రైవరు కొత్త సెల్‌ఫోను పెట్టుకున్నాడు. ఇంకేం కావాలి? పక్కింటావిడ ఒకరోజు బిందె ఎత్తుకుంటూ, "ఏమ్మా, ఈ మధ్య వాన సంగతి సెప్పడమే లేదే. మీ ఆయన పైనించి దిగి కొండకు పోతా ఉండాడా?" అంది. మిగతావాళ్ళు నవ్వలేదు. అదే నాకు గుచ్చుకుంది. వడియాలు తడిసినప్పుడు నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వలేదు.

పోనీలే, కడుపుమంట మాటలు అనుకున్నాను. కానీ ఆ వారంలోనే ఆయన వాకిట్లో నిలబడి ఫోనులో మాట్లాడుతున్నది నా చెవిన పడింది.

"లేదు సార్, ఎర్ర లేదు. చెక్‌పోస్టు దాటినాక కూడా దిగి సూసినా. ఎర్ర యాడా కనపళ్ళేదు. దించేటప్పుడు వాళ్ళూ సూసుకున్నారు."

చెరుగుతున్న చాట కింద పెట్టేశాను. ఎర్ర, చెక్‌పోస్టు. ఈ రెండు మాటలు ఒకచోట పడితే మా ఊళ్ళో చంటిపిల్ల కూడా అర్థం చేసుకుంటుంది. అడుగుదామనుకున్నాను. అడిగితే మామిడికాయలే అంటాడు. ఆ మాట ఇంకోసారి వినాలంటే భయం వేసింది. జైలు భయం సగమే. అన్నీ చెప్పే మనిషి నాకు అబద్ధం చెప్పడం మొదలుపెట్టాడే అన్నది మిగతా సగం. నిజం చెప్పాలంటే ఆ సగమే పెద్దది.

ఇదే బాధలో ఉండగా, ఆయన బండిమీద పోయిన ఒక పొద్దున ఇంటికి ఇద్దరు వచ్చారు. ఒకడు మా వైపు కానిస్టేబులే, మామూలు చొక్కాలో ఉన్నా మీసం చూస్తే తెలిసిపోతుంది. ఇంకొకాయన పొడుగ్గా, బూట్లు తళతళలాడుతూ, మన భాష తెలియనట్టు చూస్తున్నాడు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. చాప వేశాను. కూర్చోలేదు.

"మీ ఆయన ఏం పని చేస్తాడమ్మా?" అన్నాడు కానిస్టేబులు.

"డ్రైవరు సార్. లారీ తోల్తాడు."

"లారీలో ఏం ఏసుకోని పోతాడు?"

 తెలిసిన మాట ఒకటే ఉంది. అదే అనేశాను.

"మామిడికాయలు."

కానిస్టేబులు నన్ను ఎగాదిగా చూశాడు. "అమ్మా, మాది పూతలపట్టు. మా నాయనకు మామిడితోట ఉండాది. ఈ కార్తీకంలో యాడమ్మా మామిడికాయలు?"

"మీ తోటలో కాయకపోతే మేమేం చేసేది సార్?" అన్నాను. అనేశాక భయం వేసి సర్దుకున్నాను. "కాయలంటే కాయలు కాదు సార్. గుజ్జు. మా చిత్తూరు గుజ్జు. డబ్బాకెత్తినాక కార్తీకమేంది, మాఘమేంది?"

పొడుగాయన ఏదో అడిగాడు. కానిస్టేబులు హిందీలో చెప్పాడు. పొడుగాయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. అది దగ్గు కాదని నాకు అనుమానం వచ్చింది.

"ఎప్పుడు పోతాడు, ఏ దోవన పోతాడు, కూడా ఎవురు పోతారు?"

"ఆయన పోయేటప్పుడు నేను సంగటి కెలుకుతా ఉంటా సార్. తెడ్డు ఇడిసిపెట్టి సూస్తే ఉండలు కట్టేస్తాది."

"ఎవురికి దించుతాడో అదన్నా తెల్సునా?"

"తాగేవాళ్ళకి."

ఇద్దరూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ పొడుగాయన రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు. దొంగ పెళ్ళానికి దణ్ణం ఎందుకు పెట్టాడో ఆలోచించే తెలివి అప్పుడు లేదు. తలుపు వేసి అటక మీద వెతికాను, మంచం కింద వెతికాను. దుంగలు లేవు. మా అవ్వ ఇత్తడి గంగాళం మాత్రం ఉంది. దాని పక్కనే కూలబడ్డాను.

ఆయన వచ్చాడు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. సంగటి, ఊరిబిండి పెట్టి, పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"మామా, ఎర్రసందనం తోల్తా ఉండావా?"

ముద్ద కోసం చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది. నా ముఖం చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆపడే! కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"నగు, బాగా నగు. పోలీసోళ్ళు ఇంటికొచ్చి పోయినారు. గుజ్జని సెప్పి సాగనంపినా. లేకుంటే ఈపాటికి నీకు సంగటి జైల్లో పెట్టేటోళ్ళు."

"గుజ్జు అని సెప్పినావా?" మళ్ళీ నవ్వు. "మే, పిచ్చిదానా, వాళ్ళొచ్చింది నేను దొంగనా అని అడిగేదానికి కాదు. నువ్వు నోరు జారేదానివా కాదా అని సూసేదానికి. మా మేనేజరు ఫోన్ చేసి సెప్పినాడు. పాసయినావంట."

"దేంట్లో పాసు?"

"అది సెప్పకూడదు."

"మళ్ళా అదే. ఎర్రదేంది మరి? ఫోన్లో ఇన్నా. ఎర్ర లేదు, చెక్‌పోస్టు దాటినా అని ఎవురితో అంటివి?"

 ఏది చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు అని లోపల వేరు చేసుకుంటున్నట్టు కనిపించింది. తర్వాత చొక్కా జేబులోంచి బొట్టుబిళ్ళలాంటిది తీశాడు. చిన్న గాజు గొట్టం, వెనక జిగురు.

"ఇది పెట్టెకు అంటిస్తారు మే. దోవలో గట్టిగా కుదుపు తగిల్తే ఇది ఎర్రబడిపోతాది. మళ్ళా తెల్లబడదు. ఎట్ట తోలినానో అది సాక్షి సెప్తాది. నేను తోలింది ఒక్కటీ ఎర్రబళ్ళేదు. దాన్నే ఫోన్లో సెప్తా ఉంటి. ఇది పనికిరానిదంటే నీకు సూపిద్దామని అడిగి తెచ్చినా."

నేను ఆ గొట్టాన్ని తిప్పి తిప్పి చూశాను. "దీన్ని నీ మూతికి అంటించుంటే బాగుండు. అబద్ధం సెప్తే ఎర్రబడును" అన్నాను. కోపం సగం దిగింది. అయినా వదలలేదు. దీపం వెలిగించి దాని ముందర నిలబెట్టాను.

"ఈడ సెప్పు."

ఆయన నవ్వు ఆపాడు. దీపానికి దణ్ణం పెట్టుకుని చెప్పాడు. "ఎర్రసందనం కాదు. దొంగ సొమ్ము కాదు. సిగ్గుపడే పని కాదు. సాలా?"

"మరి ఏంది?"

"మామిడికాయలే."

పళ్ళెం మీద చెయ్యి తీసేశాను. ఆకలిమీదున్న మనిషిని ఎంతసేపు ఆపుతాం?

మర్నాడు కొళాయి దగ్గర పక్కింటావిడతో, "మీ ఆయన రైల్వేలో టికెట్లు కొడతాడు. మా ఆయన గుజ్జు తోల్తాడు. ఎవురి పని వాళ్ళది" అన్నాను. ఆవిడ బిందె ఎత్తుకుని పోయింది. పోలీసులు వచ్చిపోయినా ఆయన దర్జాగా బండి తోలుతూనే ఉన్నాడు కాబట్టి వీధిలో అనుమానం మెల్లగా చల్లారింది.

తర్వాత చాలా ఏళ్ళు చల్లగా గడిచాయి. సముద్రం వైపు పోయినప్పుడు ఎండాకాలంలో తాటిముంజలు తెచ్చేవాడు. లోడు మాట తప్ప మిగతా కబుర్లు మెల్లమెల్లగా మళ్ళీ మొదలయ్యాయి. కాళహస్తి టీ అంగట్లో జరిగిన గొడవ, నాయుడుపేట దగ్గర రోడ్డు దాటిన బాతుల మంద. ప్రతిసారీ గడప దగ్గర నేను అడగడం, ఆయన మామిడికాయలే అనడం మాకు ఆటైపోయింది. కాయల కాలం వస్తే, "ఇప్పుడన్నా నిజం సెప్పు" అంటే, "ఇప్పుడు సెప్పేది నిజమే మే" అని మండీలోంచి బేనిషా గంప తెచ్చి దించేవాడు.

కానీ దాచడమెందుకు, లోపల ఒక చిన్న ముల్లు ఉండనే ఉంది. దొంగ సరుకు కాదని తెలిసింది. సరే. కానీ అది ఏమిటో ఆయనకు తెలుసు, నాకు తెలియదు. టీవీ రెక్క మోసినప్పుడు చెప్పాడు, మబ్బులది మోసినప్పుడు చెప్పాడు. ఇది మాత్రం నాకు చెప్పదగ్గది కాదనుకున్నాడు. నవ్వుతూ అడిగినా, ప్రతిసారీ ఈసారి చెప్తాడేమో అని చూసేదాన్ని.

ఆ కార్తీకంలో, మొదట చెప్పిన మాటలు అనుకున్నాక, కంపెనీకి పోయాడు. బండి ఇంకా ఎక్కలేదు. డ్రైవర్ల బెంచీ మీద టీ తాగుతూ, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడట. కునుకు తీస్తున్నాడనుకున్నారట. మనిషి జీవితమంతా ఎలా తోలాడో పోవడం కూడా అలాగే పోయాడు, కుదుపు లేకుండా. ఆ లోడు ఇంకెవరో తోలారు. బిళ్ళ ఎర్రబడిందో లేదో నేను అడగలేదు.

కర్మ అయినాక మేనేజరు వచ్చాడు. ఇంటినిండా చుట్టాలు. గోడవారగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేను ఆయన ముందర కూర్చుని అడిగేశాను.

"సార్, ఆయన ఒట్టు ఆయనతోనే పోయింది. ఇప్పుడన్నా సెప్పండి. ఆ పెట్టెల్లో ఏముండేది? ఆయనకు తెల్సింది నాకు తెల్దే అని ఒకటే కొరతగా ఉండాది."

మేనేజరు తల దించుకున్నాడు. "ఆయనక్కూడా తెల్దమ్మా."

"ఏంది సార్?"

"డ్రైవర్లకు సెప్పకూడదు. మిలిట్రీ కంట్రాక్టు అని ఈ మధ్య పేపర్లో పడింది కాబట్టి ఆ ముక్క మాత్రం మీకు సెప్పొచ్చు. అంతకు మించి నాకే తెల్దు. మా షెడ్డులో చేసిన పలక వరకే నాది. దాన్ని తీసకపోయి కన్ను అతికిస్తారో, చెవి అతికిస్తారో, పైకి పోయి అది ఏం సూస్తాదో నాకు సెప్పినోళ్ళు లేరు. తోటలో కాయ కోసినోడికి జ్యూసు ఎవురు తాగినారో తెల్సునా? ఇదీ అంతే."

"మరి ఆయన నాతో..."

"మీతో ఏమన్నాడో నాకు తెల్దు. నన్ను మాత్రం పెట్టె ఎక్కించిన ప్రతిసారీ అడిగేటోడు, 'ఏం లోడు సార్?' అని. ఏం సెప్పేది? మండీలో పుట్టినోణ్ణి, నోటికి వచ్చింది అదే. 'మామిడికాయలప్పా' అనేవాణ్ణి. నగుకుంటా బండెక్కేటోడు."

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. మొగుడు పోయిన ఇంట్లో ఇదేం నవ్వని చుట్టాలు తిరిగి చూశారు. మా అమ్మ వచ్చి భుజం పట్టుకుంది, మతి పోయిందేమోనని. పోలేదు. అన్నేళ్ళు ముల్లనుకున్నది ముల్లే కాదు. ఆయన నా దగ్గర ఏదీ దాచలేదు. వాళ్ళు ఆయనకు ఏ మాట ఎక్కించారో, ఆ మాటే దారిలో నలక్కుండా తెచ్చి నా గడపలో దించాడు. తనకూ తెలియదని ఒక్కసారి చెప్పుంటే పోయేది కదా అని ఇప్పుడు నా మేనకోడలు అంటోంది. ఎందుకు చెప్తాడే? ఆకాశానికి మోసేవాడికి ఆమాత్రం గొప్ప ఉండకూడదా? నేను కొళాయి దగ్గర గొప్పలు పోలేదా?

ఆ గాజు గొట్టం ఇంకా దీపం గూట్లోనే ఉంది. చీమ కూడా కదిలించలేదు, తెల్లగానే ఉంది.

ఇంక చాలు పాపా, కలం పక్కన పెట్టు. పెట్టి, మొదటినుంచి ఒకసారి నాకు చదివి వినిపించు. తొందరపడి చదవొద్దు. గుంతలు చూసుకుని పోయినట్టు మెల్లగా చదువు. ఆయన మాట వచ్చినచోట మాత్రం ఆగి, ఆయన అన్నట్టే అను. ఏదీ, మొదలుపెట్టు. నేను, "ఏం లోడు మామా?" అంటిని. ఆయన ఏమన్నాడు?